పేరుంటే చాలునా?

తలుపుమీద పేరు పలక ఉన్నంతమాత్రాన ఇంటివారు ఇంట్లో ఉన్నట్టు కాదు. ఈపాటి సంగతి తెలియనివారెవరు అని చదువరులు నవ్వవచ్చును. మేమూ ఒకప్పుడు అలాగే నవ్వేవారము. ఏడు పదులు దాటిన తరువాత ఒక కంప్యూటరు ఈ పాఠాన్ని మాకు పంతొమ్మిది రాత్రులు వరుసగా చెప్పినది, మేము వినలేదు. చివరకు ఇంటిల్లిపాదికీ కంట నీరు పెట్టించి మరీ నేర్పినది. ఆ ముచ్చట నలుగురితో చెప్పుకుంటే, మాలాగే ఇంటి కాగితాలు దాచుకునేవారికి కొంత ఉపకారం కలుగుతుందని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

మేముండేది బరంపురంలోని అంకులి. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, అంగట్లో రెండూ. మా తాతగారు వయసులో ఉండగా, ఈ ప్రాంతపు మనుషులు చాలమంది పోయినట్టే, గోపాలపురం రేవులో ఓడ ఎక్కి రంగూను పోయారు. 1931 మొదలు పది సంవత్సరాలపాటు మా మామ్మ అంకులినుంచి ఆయనకు ఉత్తరాలు వ్రాసినది. ఆమె చదివినది మూడో తరగతి. అయినా దస్తూరి మాత్రం గొలుసుకట్టు, గుండ్రన. 1941 డిసెంబరులో రంగూనుమీద బాంబులు పడ్డాయి. ఆ తరువాత కొండలు, అడవులు పట్టి నడిచి వచ్చినవారిలో మా తాతగారొకరు. ఇల్లు చేరినప్పుడు ఆయన దగ్గర నగ లేదు, నోటు లేదు. పంచె చెంగుకు కట్టుకున్న మూటలో ఆ ఉత్తరాలు మాత్రం ఉన్నవి. తరువాత అవి రేకుపెట్టెలోకి చేరాయి. వాటితోపాటు భూమి లెక్కలు, అప్పుపత్రాలు, శుభలేఖలు, మా నాన్నగారి దినచర్య పుస్తకాలు కూడా చేరి, పెట్టె అటకెక్కినది.

2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటినది. గంటకు సుమారు 200 కిలోమీటర్ల గాలి. ఆ రాత్రి మా వెనుకింటి పెంకులు ఎగిరిపోయి, అటకమీద పెట్టెలోకి నీరు దిగినది. పది రోజుల తరువాత గాని మాకు పెట్టె సంగతి గుర్తు రాలేదు. తీసి చూస్తే కాగితాలకు బూజు పట్టి, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి. ఎండకు వేసి, ఆకుల్లా ఒక్కొక్కటే విడదీసి, పాత వార్తాపత్రికల మధ్య పెట్టి ఉంచాము. ఏటేటా పొడి రాలుతూ వచ్చినది. ఇక ఆగితే అక్షరం మిగలదని తోచి, 2019లో వాటికి ఒక్కొక్క దానికే కంప్యూటరు ఫొటోలు తీయడం మొదలుపెట్టాము.

కంప్యూటరు మా మేనల్లుడు తెచ్చి ఇచ్చినది. అతను విశాఖపట్నంలో ఉద్యోగం. అందులో లినక్సు పెట్టి, పక్కన చేతిలో పట్టేపాటి బయటి డిస్కు ఒకటి తగిలించాడు. లోపలి డిస్కు చిన్నది, 120 గిగాబైట్లు. బయటిది పెద్దది, 1000 గిగాబైట్లు. (డిస్కు అమ్మేవారు వెయ్యిని వెయ్యిగా లెక్కిస్తారు, యంత్రం 1024 చొప్పున లెక్కించి 931 అంటుంది, తన పట్టికలకు కొంత తీసుకుని ఇంకా తగ్గించి చెబుతుంది. అది చూచి అంగడివాడు మోసం చేశాడని తగవుకు పోనక్కరలేదు.) పగలంతా మేము తీసిన ఫొటోలు లోపలి డిస్కులో ‘రాక’ అనే అరలో పడతాయి. రాత్రి తొమ్మిది గంటలకు ఒక చిన్న ప్రోగ్రాము లేచి, వాటిని ‘భద్రం’ అనే అరకు తరలించి, ‘ఇన్ని ఫైళ్లు భద్రం చేరినవి’ అని ఒక వాక్యం చూపి పడుకుంటుంది. ఆ భద్రం అనేది బయటి డిస్కు పేరు అని మేము అనుకునేవారము. మా అనర్థానికి మూలం ఆ అనుకోవడమే.

ఇక్కడ కొంచెం వివరం చెప్పక తప్పదు. లినక్సులో ఒక్కటే చెట్టు. దానికి కొమ్మలు, రెమ్మలు. వాటి చివర ఫైళ్లు. కొత్త డిస్కు తగిలిస్తే దానికి వేరే చెట్టు మొలవదు. ఉన్న చెట్టులో ఒక కొమ్మను చూపించి, ‘ఈ డిస్కును ఇక్కడ అతికించు’ అనాలి. మామిడికి అంటు కట్టినట్టే సుమా. దీనినే మౌంట్ చేయడం అంటారు. అంటు కట్టిన తరువాత ఆ కొమ్మ పేరుతో ఏది అడిగినా కొత్త డిస్కులోనిదే వస్తుంది. అంటు ఊడదీస్తే కొమ్మ ఎక్కడికీ పోదు. దాని పేరు దానికే ఉంటుంది. ఎవరైనా వచ్చి అక్కడ ఏదైనా పెడితే, కాదనకుండా తీసుకుంటుంది. కాని అది పోయి చేరేది పాత చెట్టులోకి, అనగా లోపలి డిస్కులోకి.

ఇది ఇప్పటి పద్ధతి కాదు. అమెరికాలోని బెల్ లాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవారు 1969లో మొదలుపెట్టిన యూనిక్సుకు మొదటి మాన్యువల్ 1971 నవంబరులో వెలువడినది. మౌంట్ చేయమనే పిలుపు, తీసివేయమనే పిలుపు అందులోనే ఉన్నవి. రెండోదానికి అన్‌మౌంట్ అని పేరుండవలసినది. మధ్యలో ఒక ‘న’కారం మింగేసి ‘యుమౌంట్’ అన్నారు. ఇన్నేళ్లయినా అదే చెల్లుతున్నది. మా నాన్నగారి పేరులో ఒక అక్షరం బడి రిజిస్టరులో ఎగిరిపోయి పింఛనుదాకా అలాగే నడిచినది గనుక, మాకు ఆ యుమౌంట్ మీద సానుభూతి ఉన్నది.

ఇక మా సంగతి. ఆ సంవత్సరం దీపావళికి ఇల్లు దులుపుతూ, మేమే స్వహస్తాలతో కంప్యూటరు ఆపి, తీగలు తీసి, బల్ల తుడిచి, మళ్లీ తీగలు పెట్టాము. బయటి డిస్కు తీగ ఒకటి సరిగా కూర్చోలేదు. కంప్యూటరు వెలిగినది. డిస్కు కనబడకపోతే గొడవ చేయకుండా మిగతా పని సాగించమని మేమే ముందు ఒక వరుస వ్రాయించుకున్నాము. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా అది మొరాయిస్తున్నదని. కనుక అది నోరెత్తలేదు. ఆ రాత్రి తొమ్మిదింటికి ప్రోగ్రాము లేచినది. భద్రం అనే కొమ్మ ఉన్నదా? ఉన్నది. ఫైళ్లు తరలించినది. ‘40 ఫైళ్లు భద్రం చేరినవి’ అన్నది. మర్నాడూ అంతే. పంతొమ్మిది రాత్రులు అంతే.

ఆ పంతొమ్మిది రోజుల్లో మేము తీసినవి మా మామ్మ ఉత్తరాలు, నాన్నగారి దినచర్యల్లో చివరి మూడు సంవత్సరాలు. ఒక్కొక్క పేజీ 26 మెగాబైట్లు. మొత్తం 760 పేజీలు. ఫొటో తీయడానికి అద్దంమీద పరచి ఎత్తేసరికి చాలమట్టుకు కాగితాలు పొడి అయిపోయేవి. ఆ పొడిని చెత్తబుట్టలో వేయడానికి మా ఇంటివారికి మనసు ఒప్పలేదు. ‘అత్తగారి అత్తగారి చేతివ్రాత అది, వీధిలో తొక్కించలేము’ అన్నది. ఒక ఆదివారం గోపాలపురం పోయి, సముద్రంలో కలిపి వచ్చాము. ఏ రేవునుంచి ఆ ఉత్తరాలు ఓడ ఎక్కాయో ఆ నీటిలోనే కలిశాయి గదా అని తృప్తిపడ్డాము కూడాను.

ఇరవైయవ నాడు, తీగ వదులుగా ఉన్నట్టు కంటపడినది. గట్టిగా నొక్కి కంప్యూటరును ఆపి మళ్లీ వెలిగించాము. తెరమీద భద్రం తెరిచి, మామ్మ ఉత్తరం ఒకటి మనుమరాలికి చూపుదామని వెదికాము. ఆ పంతొమ్మిది రోజుల ఫైళ్లలో ఒక్కటీ లేదు. దీపావళికి ముందు తీసినవన్నీ ఉన్నవి. ‘రాక’లో చూచాము, అక్కడా లేవు, తరలించేసినది గదా. మళ్లీ భద్రం తెరిచాము, మూశాము, తెరిచాము. పోయిన తాళంచెవికోసం వెదికిన జేబే పదిమార్లు వెదకడం లోకసహజం.

మా ఇంటివారు వంటింటిలోనుంచి వచ్చి, మా ముఖం చూచి, ఏమీ అడగకుండా పక్కన కూర్చున్నది. కొంతసేపటికి, ‘సముద్రంలో కలిపింది నేనే కదండీ’ అన్నది. ఆ మాటకు మేము జవాబు చెప్పలేకపోయాము.

రాత్రి మేనల్లుడికి ఫోను చేశాము.

‘మావయ్యా, ముందు ఏమీ ముట్టుకోకండి. కొత్త ఫొటోలు తీయకండి. నేను అడిగింది మాత్రం చెప్పండి’ అన్నాడు.

‘అడుగు నాయనా.’

‘లోపలి డిస్కులో ఎంత వాడినట్టు చూపుతున్నది?’

అతను చెప్పిన రెండక్షరాల ఆజ్ఞ, డి.ఎఫ్. అని కొట్టాము. ఇదీ 1971నాటి మాన్యువల్‌లో ఉన్నదేనట. 58 గిగాబైట్లు వాడినట్టు వచ్చినది. తరువాత డి.యు. అనే ఇంకొక ఆజ్ఞ. ఇది చెట్టంతా ఎక్కి, కంటికి కనబడే ప్రతి ఫైలునూ తూచి కూడుతుంది. బయటి డిస్కు జోలికి పోవద్దని చెప్పి లోపలి డిస్కు వరకే తూయించాము. 38 వచ్చినది.

‘ఇరవై తేడా ఉంది మావయ్యా. 760 పేజీలు, పేజీకి 26 మెగాబైట్లు... రమారమి ఇరవై గిగాబైట్లు’ అని గట్టిగా ఊపిరి విడిచాడు. ‘అవి పోలేదు. ఎక్కడో ఉన్నాయి. కనబడడం లేదు, అంతే.’

ఈ తేడా ఎలా వచ్చినదో తెలుసుకుంటే తక్కిన కథ సులభం. మనం వాడే ప్రోగ్రాములకు డిస్కును ముట్టుకునే అధికారం లేదు. అధికారమంతా కెర్నెల్ అనే పెద్దది. పాతకాలపు గ్రామకరణం వంటిదనుకోండి. ఏ చేను ఎవరిది, ఎంత మాగాణి, ఎంత బంజరు, అన్నీ అతని చిట్టాలో ఉంటాయి. కావలసినవారు నిర్ణీతమైన ఫారంలో అర్జీ పెట్టుకోవాలి. అటువంటి అర్జీకే సిస్టమ్ కాల్ అని పేరు. డిస్కుల విషయం అడిగే అర్జీ స్టాట్-ఎఫ్‌ఎస్. బర్క్‌లీ యూనిక్సునుంచి లినక్సు దీన్ని నేర్చుకున్నది. అన్ని యంత్రాలకూ ఒకే నమూనాలో ఉండాలని ప్రమాణాలవారు స్టాట్-వీఎఫ్‌ఎస్ అని ఇంకొకటి ఖాయం చేశారు. అర్జీలో ఏదైనా ఒక ఫైలు పేరో అర పేరో ఇస్తే చాలును. ‘ఈ పేరు ఏ డిస్కుమీద ఉన్నదో ఆ డిస్కు లెక్క చెప్పు’ అని దాని అర్థం.

జవాబులో కొన్ని గడులుంటాయి. ఆ ఫైల్ సిస్టమ్ ఏ జాతిదో చెప్పే సంఖ్య ఒకటి. మా డిస్కుల జాతికి అది 61267. ఒక్కొక్క బ్లాకు ఎంత, మొత్తం బ్లాకులెన్ని, ఖాళీ ఎన్ని, అందులో మామూలు మనుషులకు దక్కేవి ఎన్ని, ఫైళ్ల పట్టాలు మొత్తం ఎన్ని, మిగిలినవి ఎన్ని. పట్టా అంటే ఐనోడు. ప్రతి ఫైలుకూ ఒకటి కావాలి. చిన్న చిన్న ఫైళ్లు లక్షలకొద్దీ పెట్టి పట్టాలన్నీ వాడేస్తే, డిస్కులో సగం చోటు ఖాళీగా ఉన్నా కొత్త ఫైలు పుట్టదు. చేను ఉన్నది, పట్టా లేదు, ఇల్లు కట్టలేవు.

డి.ఎఫ్. అనేది ఈ కరణంగారి జవాబునే మనకు చదివి వినిపిస్తుంది. మొత్తంలోనుంచి ఖాళీ తీసివేసి, ఇంత వాడుకలో ఉన్నది అంటుంది. ఆ సరుకు మనకు కనబడుతున్నదా లేదా అన్నది దానికి అనవసరం. డి.యు. మాత్రం తన కాళ్లతో చెట్టెక్కి, చూచినదే చెబుతుంది. ఒకటి చిట్టా, ఒకటి కంటి చూపు. రెండూ కలవనప్పుడు ఎక్కడో ఏదో మరుగునపడి ఉన్నదన్నమాట.

మేము మధ్యలో తెలివి చూపబోయి తప్పు కూడా చేశాము. లోపలి డిస్కు జవాబులో ఖాళీ అన్న గడికీ, దక్కేది అన్న గడికీ 6 గిగాబైట్లు తేడా కనబడినది. ‘నాయనా, ఉత్తరాలు అక్కడున్నాయి కాబోలు’ అని సంబరంగా అరిచాము. మేనల్లుడు నవ్వాడు. ఈ జాతి డిస్కుల్లో నూటికి అయిదు వంతులు యజమాని కోసం పక్కన పెట్టడం ఆనవాయితీ అట. 120కి 6. డిస్కు పొర్లిపోయినా, తలుపు తెరిచి చక్కదిద్దడానికి యజమానికి కాస్త చోటు ఉండాలి. బర్క్‌లీవారు 1980లలో నూటికి పది పెట్టేవారట. మా ఇంటివారు ఇది విని, ‘ఇందులో వింతేముంది, బియ్యం డబ్బా అడుగున నాలుగు శేర్లు లేవనే లెక్క. వేళకాని వేళ చుట్టం వస్తేనే అవి ఉన్నట్టు’ అన్నది. ఆ రాత్రి ఆమె మొదటిసారి మాట్లాడిన మాట అది. రెండు గడుల తేడా మాకు ఇంతకంటె బాగా ఎవరూ చెప్పలేదు.

మేనల్లుడు ఇంకొక అనుమానం కూడా తీర్చుకున్నాడు. ఏదైనా ప్రోగ్రాము ఫైలును తెరిచి పట్టుకుని ఉండగా ఆ ఫైలును చెరిపేస్తే, పేరు పోతుంది గాని చోటు ఖాళీ కాదు; అప్పుడూ చిట్టాకూ చూపుకూ తేడా వస్తుంది. కాని మేము కంప్యూటరును ఆపి వెలిగించాము గనుక ఆ పట్టు వదిలిపోయి ఉండాలి. కనుక అది కాదు.

‘మావయ్యా, ఇప్పుడు భద్రంనుంచి బయటి డిస్కును తీసేయండి. తీగ పీకవద్దు సుమండీ. యుమౌంట్ అని కొట్టండి.’

కొట్టాము. చేతులు వణికి రెండుసార్లు తప్పు పడినది.

‘ఇప్పుడు భద్రం తెరవండి.’

తెరిచాము. వరుసగా 760 ఫైళ్లు. మొదటిది తెరవగానే తెరనిండా మా మామ్మ గుండ్రని అక్షరాలు.

ఎక్కడికీ పోలేదు. భద్రం అనే పేరుగల కొమ్మలోనే, ఆ పేరుతోనే ఉన్నాయి. పైన బయటి డిస్కును అంటు కట్టేసరికి కింద ఉన్నది మరుగున పడినది. పాత చాపకింద ఉత్తరం పెట్టి, దానిమీద కొత్త చాప పరచి, ఇల్లంతా వెదికినట్టయినది. మా ఇంటివారు తెర దగ్గరకు వచ్చి ఒక వాక్యం చదివి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయినది. మేనల్లుడు ఫోనులో ‘మావయ్యా, ఉన్నారా? మావయ్యా?’ అంటూనే ఉన్నాడు.

అన్నిటినీ వేరొక అరకు మార్చి, డిస్కును మళ్లీ అంటు కట్టి, రెండు చోట్లా ప్రతులు దాచి, ఆ పని ముగిసేసరికి తెల్లవారినది.

తరువాత ఆలోచిస్తే, ప్రోగ్రాము ఒక్క అర్జీ పెట్టి ఉంటే చాలునని తెలిసినది. ‘భద్రం ఉన్నదా?’ అని అడగడం వల్ల ప్రయోజనం లేదు. పేరు ఎప్పుడూ ఉంటుంది. ‘భద్రం మొత్తం ఎంత?’ అని స్టాట్-ఎఫ్‌ఎస్‌తో అడిగి ఉంటే, దీపావళినాటి రాత్రే 1000కి బదులు 120 అని జవాబు వచ్చేది. అది ఇంటి యజమాని గొంతు కాదని అప్పుడే తెలిసిపోయేది. మా రెండు డిస్కులూ ఒకే జాతివి గనుక 61267 అనే సంఖ్య మాత్రం మమ్మల్ని కాపాడేది కాదు.

ఇంకా నమ్మకమైన ఉపాయం ఉన్నది. స్టాట్ అనే మరొక అర్జీ పెడితే, ఒక అర ఏ యంత్రభాగంమీద ఉన్నదో దాని సంఖ్య చెబుతుంది. భద్రానికి ఒకసారి, అది వేలాడే తల్లికొమ్మకు ఒకసారి అడగాలి. రెండు సంఖ్యలూ ఒకటే అయితే అంటు లేదన్నమాట, వేరైతే ఉన్నది. మౌంట్‌పాయింట్ అనే చిన్న ఆజ్ఞ ఈ పని మనకోసం చేసిపెడుతుంది. మా ప్రోగ్రాము ఇప్పుడు మొదట ఇది అడుగుతుంది. తరువాత మొత్తం అడుగుతుంది. తరువాత దక్కే చోటు, మిగిలిన పట్టాలు అడుగుతుంది. ఏ ఒక్క జవాబు తేడాగా ఉన్నా ఫైళ్లు ముట్టుకోకుండా, ఎర్ర అక్షరాలతో ‘భద్రం లేదు’ అని వ్రాసి ఆగిపోతుంది. అదీగాక, అంటు లేనప్పుడు కనబడే ఖాళీ కొమ్మకు తాళం వేసి, అందులో ఎవరూ ఏమీ పెట్టకుండా మేనల్లుడు కట్టుదిట్టం చేశాడు. నూతికి మూత వేసినట్టు.

ఏ ఏ కొమ్మకు ఏ ఏ డిస్కు అతికి ఉన్నదో మొత్తం జాబితా కావాలన్నా దొరుకుతుంది. పూర్వం ఆ జాబితాను మౌంట్ చేసే ప్రోగ్రామే ఒక కాగితంమీద వ్రాసుకున్నట్టు ఒక ఫైలులో వ్రాసేది. దానిపేరు ఎం-ట్యాబ్. వ్రాయడం మరచినా, మధ్యలో కరెంటు పోయినా ఆ జాబితా అబద్ధమాడేది. ఇప్పటి లినక్సుల్లో చాలమట్టుకు ఆ పేరు వెనుక కెర్నెల్ స్వయంగా చెప్పే జాబితానే ఉంటుంది. 2024 మార్చిలో వచ్చిన లినక్సు 6.8లో ఇంకో సౌకర్యం చేశారు. అంట్లన్నిటినీ ఏకరువు పెట్టే అర్జీ ఒకటి, ఒక్కొక్క అంటు వివరం చెప్పే అర్జీ మరొకటి కొత్తగా పెట్టారు. వేలకొద్దీ అంట్లు ఉన్నచోట ఒక్కదానికోసం జాబితా అంతా చదివే బాధ దానితో తప్పినది. మా ఇంటికి ఉన్నది ఒక్క అంటే గనుక మాకు ఆ బాధ లేదు.

ఈ అర్జీలతో ఒక చిక్కు మాత్రం ఉన్నది. దూరాన ఉన్న మరో కంప్యూటరులోని డిస్కును తీగగుండా ఇక్కడ అంటు కట్టుకోవచ్చును. అప్పుడు ఆ కంప్యూటరు ఆగిపోయి ఉంటే, ఇక్కడ అర్జీ పెట్టినవాడు జవాబుకోసం అలాగే నిలబడిపోతాడు. లేదు అని చెప్పేవారు కూడా ఉండరు. మేనల్లుడు ఇది చెబుతూ ఉంటే మాకు మామ్మ జ్ఞాపకం వచ్చినది. 1942 మొదటి నెలల్లో రంగూనుకు ఆమె వ్రాసిన ఉత్తరాలకు జవాబు లేదు. పోయారన్న కబురూ లేదు, ఉన్నారన్న కబురూ లేదు. తాతగారు గుమ్మంలో నిలిచేదాకా ఆమె అలాగే నిలబడి ఉన్నది.

ఆ ఉత్తరాలన్నీ ఇప్పుడు తీరికగా చదువుతున్నాము. ఒక్కొక్క దాని తలమీద ఆమె తన చిరునామా పూర్తిగా వ్రాసేది. 1936 మార్చి వరకు ‘అంకులి, గంజాం జిల్లా, మద్రాసు రాజధాని’. ఆ ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమయినది. మా బరంపురం అందులో చేరినది. ఆ నెల ఉత్తరంలో మద్రాసు రాజధాని అని అలవాటుగా వ్రాసి, కొట్టివేసి, పక్కన ఒరిస్సా అని దిద్దినది. ఇల్లు అదే, నుయ్యి అదే, పెరటిలో మునగచెట్టు అదే. పైన అంటు మారినది. 2011లో ఒరిస్సా పేరు ఒడిశా అయినది. మళ్లీ ఒక దిద్దుబాటు. కింద ఉన్న అంకులి ఏనాడూ కదలలేదు. కాని పైపేరును మాత్రమే చూచి వెదికేవారికి, ఆ కింద ఒక తెలుగు ఇల్లు ఉన్నదని తోచదు. అడిగి తెలుసుకోవలసినదే.

మా మనుమరాలికి ఒడియా, ఇంగ్లీషు వచ్చును. తెలుగు మాట్లాడుతుంది గాని చదవలేదు. ఆ రాత్రి జరిగినదంతా తలుపు సందునుంచి చూచినదట. మర్నాడు వచ్చి, ‘తాతయ్యా, అంత ఏడిచారు, అందులో ఏముంది?’ అన్నది. ‘చదువుకుంటే తెలుస్తుంది’ అన్నాము. అప్పటినుంచి రోజుకొక ఉత్తరం ముందు పెట్టుకుని, మామ్మ గుండ్రని అక్షరాలతోనే తెలుగు నేర్చుకున్నది. ఇప్పుడు మాకంటె వేగంగా చదువుతుంది. గొలుసుకట్టులో మాకు తెలియని మాటలు రెండు మూడు ఆమే విప్పి చెప్పినది.

రాత్రి తొమ్మిదింటికి ప్రోగ్రాము ఇంకా లేస్తూనే ఉన్నది. తీయవలసిన కాగితాలు అయిపోయి చాల కాలమయినది, అయినా ఆపలేదు. అంటు ఉన్నదా, మొత్తం ఎంత, దక్కేది ఎంత అని కరణంగారిని అడిగి, ‘భద్రం ఉన్నది’ అని ఒక వాక్యం వ్రాస్తుంది. మా ఇంటివారు వంటిల్లు సర్దుకుంటూ, ‘ఉందాండీ?’ అని లోపలినుంచే అడుగుతుంది. మేము అద్దాలు పెట్టుకుని, దగ్గరగా పోయి, అంకెలు కూడా చూచి, అప్పుడు ‘ఉన్నది’ అంటాము.